ఐపీ పెట్టాక బ్యాంకు ఖాతా సంగతేంటి?

(చిన్న వ్యాపారుల సమావేశంలో ఒక రిటైర్డ్ బ్యాంకు అధికారి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీయలేదు.)

అందరికీ నమస్కారమండీ. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ విషయం మీద మీటింగంటే ముందు వరసలో ఎవరూ కూర్చోరు, నాకు తెలుసు. కూర్చుంటే ఐపీ, అదే అప్పులు తీర్చలేనని కోర్టులో వేసే దివాలా పిటిషన్, పెట్టినవాడనుకుంటారని భయం. ఎవరూ ఏమీ అనుకోరు, రండి.

ముందే చెబుతున్నా, నేను లాయర్ని కాను. బ్యాంకులో కౌంటరుకి అవతల కూర్చుని పనిచేసినవాణ్ణి. కోర్టులో ఏం జరుగుతుందో మీ లాయరుగారు చెబుతారు. ఐపీ పెట్టిన మనిషి ఖాతాకి బ్యాంకులో ఏం జరుగుతుందో, ఏ చార్జీ ఎందుకు పడుతుందో, అది నేను చెబుతాను. అది ఎవరూ చెప్పరు. లాయరు చెప్పరు, బ్యాంకు అసలే చెప్పదు.

మనవాళ్ళు ఐపీ అనగానే ఏమంటారు? "బోర్డు తిప్పేశాడు", "జనానికి టోపీ పెట్టాడు" అంటారు. అలాంటివాళ్ళూ ఉన్నారు, లేరనను. చీటీలు పాడించి, డబ్బంతా బావమరిది పేరు మీదకి మార్చి, తర్వాత సబ్ కోర్టులో పిటిషన్ పడేసినవాళ్ళని మీరూ చూశారు, నేనూ చూశాను. కానీ నిజంగా చితికిపోయి, వేరే దారి లేక పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు కదా? ఈ మాటలు వాళ్ళ కోసం. టోపీ పెట్టేవాళ్ళకి నా సలహా అక్కర్లేదు, వాళ్ళకి నాకంటే బాగా తెలుసు.

మన జిల్లాల్లో ఇవాళ్టికీ ఐపీ నడిచేది 1920 నాటి చట్టం మీద. ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ యాక్ట్. వందేళ్ళు దాటింది. ఎంత పాతదంటే, అప్పు 500 రూపాయలుంటే చాలు, తీర్చలేనని కోర్టుకి వెళ్ళొచ్చు. ఆ రోజుల్లో 500 అంటే ఎంతో ఆలోచించుకోండి. మరి 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది కదా సార్ అని చదువుకున్న కుర్రాళ్ళు అడుగుతారు. వచ్చింది. అందులో మామూలు మనుషుల కోసం కూడా ఒక భాగం ఉంది. ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తి 20 వేలు, అప్పు 35 వేలు దాటనివాళ్ళకి అప్పు కొట్టేసే పద్ధతి కూడా రాశారు. కానీ అమల్లోకి తెచ్చింది మాత్రం కంపెనీల అప్పులకి సొంత గ్యారంటీ ఇచ్చినవాళ్ళ వరకే, 2019 డిసెంబరు 1 నుంచి. బట్టల కొట్టాయనకీ, ఎరువుల కొట్టాయనకీ దిక్కు ఆ 1920 చట్టమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. ఐపీ వేసిన రోజు వేరు, కోర్టు మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటించే రోజు వేరు. మధ్యలో ఏళ్ళు గడుస్తాయి. వాయిదాలు, అప్పులవాళ్ళకి నోటీసులు, పేపరు ప్రకటన, సాక్ష్యం. మీరేమో పిటిషన్ వేసి వచ్చి "హమ్మయ్య, ఇక ఎవడూ అడగడు" అని పడుకుంటారు. కోర్టు ప్రకటన వచ్చాక, కోర్టు అనుమతి లేకుండా అప్పులవాళ్ళు కొత్త దావా వేయకూడదు, అది నిజం. కానీ పిటిషన్ వేసినంత మాత్రాన బ్యాంకు కంప్యూటర్‌కి తెలుస్తుందా? తెలీదు. అది 5వ తేదీ వస్తే కిస్తీ లాగుతుంది. డబ్బు లేకపోతే చార్జీ వేస్తుంది. 10వ తేదీ ఇంకో కిస్తీ, ఇంకో చార్జీ. మీ ఫైలు కోర్టులో ఏ బీరువాలో ఉందో దానికి అనవసరం.

ఒక స్టేట్‌మెంట్ తెచ్చాను. పేరూ బ్యాంకు పేరూ చింపేశాను, ఎవరిదని అడగొద్దు. ఈయనకి బట్టల కొట్టుండేది. కరోనా తర్వాత కోలుకోలేకపోయాడు, ఐపీ పెట్టాడు. కొట్టు మూసేశాక ఆయన భార్య ఇంటి ముందు టిఫిన్ బండి పెట్టింది. బండి మీద క్యూఆర్ కోడ్ అతికించారు. ఏ క్యూఆర్ కోడ్? కొట్టులో గల్లాపెట్టె మీదుండే పాతదే! చక్కగా ఊడదీసి తెచ్చి ఇక్కడ అంటించారు. ఇప్పుడు చదువుతాను, వినండి. జమ 30. జమ 30. జమ 60. జమ 40. జమ 30. ఇవన్నీ ఏంటి? ఇడ్లీ, ఇడ్లీ, రెండు ప్లేట్ల ఇడ్లీ, దోశ, ఇడ్లీ. తెల్లవారుజామున లేచి పిండి కలిపి, ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి సంపాదించిన డబ్బు. దాని కింద ఖర్చు కాలమ్ చూడండి. మ్యాండేట్ రిటర్న్ చార్జీ, అంటే ఖాతాలోంచి దానంతటదే కిస్తీ లాగే ఏర్పాటుకి డబ్బు లేక వెనక్కి పోతే వేసేది, 500, దాని మీద 18 శాతం జీఎస్టీ 90. మొత్తం 590. నెలకి ఇలాంటివి మూడు, ఎందుకంటే మూడు లోన్లు. 1,770 రూపాయలు. ఆ నెల ఇడ్లీలు ఎన్ని ప్లేట్లు మునిగిపోయాయో మీరే లెక్కేసుకోండి.

ఇందులో తప్పెవరిది? బ్యాంకు రూలు ప్రకారమే వేసింది. ఈయన ఐపీ పెట్టాడు కాబట్టి లోన్లు ఆగిపోయాయనుకున్నాడు. ఆవిడకి ఈ గొడవే తెలీదు, డబ్బు పడిందని ఫోన్ మోగితే చాలనుకుంది. పైగా ఇంకో చిక్కు కూడా ఉంది. ఆవిడ సంపాదన ఆవిడది. అది తీసుకెళ్ళి భర్త ఖాతాలో వేస్తే, రేపు రిసీవర్, అదే దివాలాదారు ఆస్తి చూడ్డానికి కోర్టు పెట్టే మనిషి, వచ్చి ఇది నీ డబ్బేనా అంటే ఏం చెబుతారు? కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

కాబట్టి మొదటి పని. ఐపీ వేసిన వారంలోనే మీకు ఎన్ని ఖాతాలున్నాయో కాగితం మీద రాయండి. సేవింగ్స్, కరెంటు, సీసీ అంటే వ్యాపారానికిచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు ఖాతా, ఎప్పుడో కొడుకు ఫీజు కోసం తెరిచినది, సొసైటీలోది, పోస్టాఫీసుది, అన్నీ. ప్రతి ఖాతా పక్కన దానికి ఏమేం తగిలించి ఉన్నాయో రాయండి. ఏ లోను కిస్తీ, ఏ బీమా ప్రీమియం, ఏ ఫోన్ బిల్లు, ఏ క్యూఆర్ కోడ్, గ్యాస్ సబ్సిడీ, రైతు భరోసా. ఈ చిట్టా కోర్టుకి కూడా ఇవ్వాల్సిందే. ఒక్క ఖాతా కూడా దాచొద్దు. దాస్తే దొరికిపోతారు, పాన్ నంబరు ఉంది కదా. దొరికితే డిశ్చార్జి, అంటే ఆ అప్పుల నుంచి విడుదల, ఇచ్చే దగ్గర కోర్టు మీ మొహం చూడదు.

రెండోది, బ్యాంకు మీ డబ్బు ఎప్పుడు పట్టుకోగలదు? దీని మీద జనానికి చాలా అపోహలున్నాయి. మీకు అప్పిచ్చిన బ్యాంకులోనే మీ సేవింగ్స్ ఖాతా కూడా ఉందనుకోండి. ఆ ఖాతాలో ఉన్న డబ్బుని తన బాకీ కింద సర్దుకునే హక్కు బ్యాంకుకి ఉంది. కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ లీన్ హక్కు, అంటే బాకీ తీరేదాకా పట్టి ఉంచుకునే హక్కు, ఇచ్చింది, సర్దుబాటు హక్కు వేరే ఉంది, పైగా లోను కాగితాల మీద మీరే సంతకం పెట్టారు. చదివారా? ఎవరూ చదవరు. నేను కౌంటర్ అవతల కూర్చుని వందలమందితో సంతకాలు పెట్టించాను, చదివి పెట్టినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఒకరోజు ఏటీఎంకి వెళితే బ్యాలెన్స్ కనిపిస్తుంది, డబ్బు మాత్రం రాదు. ఖాతా హోల్డ్‌లో పెట్టారంటారు.

అయితే ఆ హక్కుకి హద్దు ఉంది. ఏ హోదాలో అప్పు ఉందో ఆ హోదాలో ఉన్న డబ్బునే సర్దుకోవాలి. మీరొక్కరే తీసుకున్న అప్పుకి, మీరూ మీ అమ్మగారూ కలిసి పెట్టుకున్న జాయింటు ఖాతాలో డబ్బు మామూలుగా తీసుకోకూడదు. మీరు ఎవరో పిల్లవాడికి గార్డియన్‌గా ఉన్న ఖాతా ముట్టుకోకూడదు. ముట్టుకుంటే రాతపూర్వకంగా అడగండి, ఏ హక్కుతో పట్టుకున్నారో చెప్పమనండి. నోటితో అడిగితే "పైనుంచి సిస్టమ్‌లో వచ్చిందండీ" అంటారు. మా కాలంలో హెడ్డాఫీసు అనేవాళ్ళం, ఇప్పుడు సిస్టమ్ అంటున్నారు.

జీతం సంగతి అడుగుతారు. కోర్టు డిక్రీ మీద జీతం జప్తు చేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ఉంది. మొదటి వెయ్యి రూపాయలూ, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులూ ముట్టుకోకూడదు. జీతం 22 వేలనుకోండి, వెయ్యి పక్కన పెడితే 21 వేలు, అందులో 14 వేలు మీవి, అంటే మొత్తం 15 వేలు మీ చేతికి రావాలి. ప్రభుత్వ పెన్షన్, ప్రావిడెంట్ ఫండ్ అసలు జప్తు కావు. మీ జీవిత బీమా పాలసీ మీద వచ్చే డబ్బు కూడా కాదు. చేతివృత్తివాళ్ళ పనిముట్లు కూడా కాదు. ఈ మినహాయింపు ఐపీలో కూడా వర్తిస్తుంది, వీటి మీదకి రిసీవర్ రాడు.

కానీ, ఇక్కడే ఒక మెలిక ఉంది. బ్యాంకు తన దగ్గరున్న ఖాతాలోంచి సర్దుకుంటే అది జప్తు కాదు, మేం కోర్టు ద్వారా రాలేదు, 60వ సెక్షన్ మాకు వర్తించదు అని వాదిస్తుంది. జీతం విషయంలో ఆ వాదనతో మీరు పోట్లాడాలంటే చాలా ఓపిక కావాలి. పెన్షన్ విషయంలో మాత్రం గట్టిగా అడగండి. పెన్షన్, గ్రాట్యుటీ డబ్బు చేతికొచ్చినా దాని స్వభావం మారదు, జప్తు నుంచి రక్షణ పోదు అని సుప్రీంకోర్టు తీర్పు ఉంది. రిటైరైన మాస్టారు ఎవరికో జామీను సంతకం పెట్టి, తన పెన్షన్ ఖాతా హోల్డ్‌లో పడి, మందులకి డబ్బుల్లేక తిరగడం నేను చూశాను.

జామీను అన్నాను కాబట్టి ఒక్క మాట. మీరు ఐపీ పెడితే మీ జామీనుదారు బయటపడడు. మీకు డిశ్చార్జి వచ్చినా ఆయనకి రాదు, చట్టంలోనే ఉంది. ఆయనకి ముందుగా చెప్పండి. ఆ కాస్త మర్యాదైనా మిగుల్చుకోండి.

మరి ఏం చేయాలి? మీకు ఒక్క రూపాయి కూడా అప్పులేని బ్యాంకులో కొత్తగా ఒక ఖాతా తెరవండి. ఐపీ పెట్టినవాడికి ఖాతా ఇస్తారా అని చాలామందికి టెన్షన్. అప్పు ఇవ్వకపోవచ్చు, ఖాతా ఎందుకివ్వరు? ఐపీ పెట్టినవాడు డబ్బు దాచుకోకూడదని ఏ చట్టంలోనూ లేదు. బేసిక్ సేవింగ్స్ ఖాతా అని అడగండి. జన్‌ధన్ ఖాతా కూడా ఆ కోవదే. కనీస నిల్వ అక్కర్లేదు, ఏటీఎం కార్డు ఉచితం, నెలకి కనీసం నాలుగుసార్లు ఉచితంగా తీసుకోనివ్వాలి. ఒక షరతుంది, అదే బ్యాంకులో మీకు వేరే సేవింగ్స్ ఖాతా ఉండకూడదు. కౌంటర్లో అమ్మాయి "మామూలు ఖాతా తీసుకోండి సార్, కార్డు బాగుంటుంది" అంటుంది. వద్దమ్మా, బేసిక్‌దే ఇవ్వు అనండి. జన్‌ధన్ ఖాతాకి పది వేల దాకా ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో లేని డబ్బు అప్పుగా వాడుకునే వీలు, ఉంటుందని ఆశపెడతారు. దాని జోలికెళ్ళొద్దు. ఎందుకంటే, డిశ్చార్జి రాని దివాలాదారు ఆ సంగతి చెప్పకుండా 50 రూపాయలు అప్పు తీసుకున్నా నేరమే. అవునండీ, యాభై రూపాయలే! 1920 నాటి యాభై, ఎవరూ మార్చలేదు. ఆరు నెలల దాకా జైలు. ఫోన్‌లో లోన్ యాప్ నొక్కేముందు ఇది గుర్తుపెట్టుకోండి. కిరాణా కొట్లో ఖాతా కూడా అప్పే.

ఇంకొకటి. కొత్త ఖాతా తెరిచాక అది కూడా కోర్టుకి చెప్పాలి, రిసీవర్ ఉంటే రిసీవర్‌కీ చెప్పాలి. డిశ్చార్జి వచ్చేదాకా మీరు కొత్తగా సంపాదించే ఆస్తి కూడా రిసీవర్ చేతికిందకే వస్తుంది, ఇందాక చెప్పిన మినహాయింపులు తప్ప. కాబట్టి ఇది దాచుకోవడానికి తెరిచే ఖాతా కాదు. తగిలింపులేవీ లేని ఖాతా, అంతే. కిస్తీ లాగదు, లీన్ పడదు, చార్జీ వేయదు. ఇంటి ఖర్చు కళ్ళకి కనిపిస్తుంది.

పాత ఖాతాల సంగతి. మ్యాండేట్లు రద్దు చేయమని మీ బ్యాంకుకే రాసివ్వొచ్చు. లోనిచ్చినవాడి కాళ్ళు పట్టుకోనక్కర్లేదు. యూపీఐ ఆటోపే అయితే ఫోన్‌లోనే ఆపొచ్చు. కానీ రద్దు చేస్తే అప్పు పోదు, బౌన్స్ చార్జీ ఆగుతుందంతే. లోనిచ్చినవాడికి కూడా ఫలానా కోర్టులో ఫలానా నంబరు ఐపీ ఉందని ఒక ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. వాళ్ళ దగ్గర మీరు సంతకం పెట్టిన ఖాళీ చెక్కులున్నాయా? ఉంటాయి. ఐపీ ఉందని చెక్ బౌన్స్ కేసు ఆగదు, అది క్రిమినల్ కేసు. చెక్కు చెల్లించొద్దని బ్యాంకుకి స్టాప్ పేమెంట్ పెట్టినా, చెక్ బౌన్స్ సెక్షన్ 138 నుంచి తప్పించుకున్నామని అనుకోవద్దు. దానికి లాయరుగారితో కూర్చోవాల్సిందే.

కనీస నిల్వ జరిమానా. ఇక్కడ రిజర్వు బ్యాంకు 2014 నవంబరులో ఇచ్చిన ఆదేశం మీ చేతిలో ఆయుధం. 2015 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. జరిమానా వేసేముందు మెసేజీ పంపాలి, నెలరోజులు టైమివ్వాలి, ఎంత తక్కువైందో దాన్నిబట్టే వేయాలి. ఆ జరిమానా వల్ల సేవింగ్స్ ఖాతా మైనస్‌లోకి వెళ్ళకూడదు. మైనస్ 3,400 అని చూపించి "ఇది కడితేనే క్లోజ్ చేస్తాం" అంటే, అందులో కనీస నిల్వ జరిమానా ఎంతో విడదీసి చూపించమనండి. జాగ్రత్త, ఈ రక్షణ ఆ జరిమానాకే. బౌన్స్ చార్జీకి కాదు. కరెంటు ఖాతాకి అసలే కాదు. అందుకే కొట్టు మూసేసినవాళ్ళు కరెంటు ఖాతా సున్నాకి చేరకముందే క్లోజ్ చేయమని రాసివ్వండి. ప్రభుత్వ బ్యాంకుల్లో కొన్ని ఈ బాధ తీసేశాయి. స్టేట్ బ్యాంకు 2020లో ఎత్తేసింది, 2025లో కెనరా, పంజాబ్ నేషనల్, ఇండియన్ బ్యాంకు, బరోడా కూడా ఎత్తేశాయి. రెండేళ్ళు లావాదేవీ లేక నిద్రపోయిన ఖాతాకి ఈ జరిమానా వేయకూడదు, దాన్ని మళ్ళీ లేపడానికి కూడా డబ్బు తీసుకోకూడదు.

లోను మీద పడే జరిమానా వడ్డీ కూడా మారింది. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పింది, ఆలస్యానికి జరిమానా వేస్తే చార్జీగా వేయండి, వడ్డీ రేటులో కలపొద్దు, దాని మీద మళ్ళీ వడ్డీ వేయొద్దు అని. 2024 ఏప్రిల్ నుంచి కొత్త లోన్లకి, ఆ జూన్ ఆఖరుకల్లా పాత లోన్లకి కూడా. బ్యాంకు కోర్టులో మీ బాకీ ఇంత అని లెక్క వేస్తుంది కదా, ఆ లెక్క కాగితం తీసుకుని ఈ ఒక్క లైను చూడండి. తప్పుంటే లాయరుగారికి చెప్పండి.

ఉత్తరాలెలా ఇవ్వాలో చెప్పి ముగించేస్తా, టైమైపోతోందని సైగ చేస్తున్నారు. రెండు కాపీలు రాయండి. కోర్టు పేరు, ఐపీ నంబరు, సంవత్సరం, ఖాతా నంబరు, మీకేం కావాలో ఒక్క వాక్యం. పిటిషన్ కాపీ జతచేయండి. ఒక కాపీ ఇచ్చి, రెండోదాని మీద బ్రాంచి ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. ముద్ర లేకుండా మెట్లు దిగొద్దు. ముద్ర వేయం అని వాళ్ళంటే? గొడవపడొద్దు, అక్కడే ఆ బ్యాంకు వెబ్‌సైట్లో ఫిర్యాదు పెట్టి నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు, పైసా ఖర్చు లేదు. 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెబుతారు. రికవరీవాళ్ళు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేస్తే ఆ కాల్ రికార్డు దీనికే పనికొస్తుంది.

ఐపీ పెట్టబోయేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే, చేతులెత్తక్కర్లేదు, వినండి చాలు. వేసేముందు మూడు నెలల్లో ఒక్క అప్పులవాడికే ప్రత్యేకంగా కట్టేయడం, రెండేళ్ళ లోపల ఇంట్లోవాళ్ళ పేరు మీదకి ఊరికే మార్చేయడం, ఇవి రెండూ కోర్టు రద్దు చేయగలదు. ఖాతా స్టేట్‌మెంట్లు మొత్తం కథ చెప్పేస్తాయి. అలాగే బంగారం లోను, ఇంటి లోను ఇచ్చినవాళ్ళకి ఐపీ ఏమాత్రం అడ్డుపడదు, తాకట్టు పెట్టుకున్నవాడు ఆ వస్తువు అమ్ముకుంటాడు.

డిశ్చార్జి అడగడానికి కోర్టు గడువు పెడుతుంది. చాలామంది ప్రకటన వచ్చాక ఆ తేదీ మర్చిపోతారు. మర్చిపోతే ఆ ప్రకటనే రద్దయిపోతుంది, అప్పులవాళ్ళు మళ్ళీ గుమ్మంలో ఉంటారు. డిశ్చార్జి వచ్చాక ఆ ఆర్డరు కాపీ పెట్టి సిబిల్ రిపోర్టు, అదే మీ అప్పుల చరిత్ర చూపే కాగితం, సరిచేయించుకోండి. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితం. తప్పు ఉందని చెప్పాక 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకి 100 రూపాయలు మీకు కట్టాలి. ప్రభుత్వ బాకీలు, మోసంతో తెచ్చిన అప్పులు మాత్రం డిశ్చార్జిలో కూడా పోవు.

ఇక ప్రశ్నలు అడగండి. పాస్‌బుక్కులు తెచ్చినవాళ్ళు ఆ పక్క బల్ల దగ్గరికి రండి, ఒక్కొక్కరిదీ చూద్దాం. అందరి ముందూ చదవను లెండి.